మర్యాదస్తులు

మనుషులు కాపురముండని మంచుదీవికి ఒకనాడు ఓడెక్కి చుట్టపుచూపుగా కొందరొచ్చారు. తల్లి పెంగ్విన్‌ను చూసి తెగ మురిసిపోయారు గానీ, ఐదడుగుల దూరంలోనే ఆగి, ఫొటోలు తీసుకుని వెళ్లిపోయారు.

"నన్ను ముట్టుకోనైనా లేదు, ఎంత మర్యాదస్తులో!" అనుకుంది తల్లి. ఆకలితో ఉన్న పిల్ల కోసం చేపలు పట్టుకొస్తూ, మెత్తటి మంచులో మోకాలి లోతున దిగబడి, వాళ్లు పూడ్చకుండా వదిలేసిన బూటు గుంటలో పడి పీకలదాకా కూరుకుపోయింది. ఎంత గింజుకున్నా పైకి రాలేకపోయింది.

ఇంతలో, పిల్లల్ని ఎత్తుకుపోయే సముద్రపు గద్ద వాలింది. కానీ గద్ద ఐదడుగుల దూరంలోనే ఆగింది.

"అయ్యో వదినా, ఎంత కష్టమొచ్చింది! పిల్ల ఎక్కడుందో చెప్పు, కబురందిస్తాను," అంది.

"ఇదీ మర్యాద తెలిసిందే," అనుకుని తల్లి దారి చెప్పింది.