విల్మార్ కాలేయానికి కాపలా

"ఆ చెయ్యి వెనక్కి తియ్యి మామయ్యా! చూస్తూనే ఉన్నా!"

విల్మార్ చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. నిప్పుల మీద సాసేజ్‌లు చిటపటలాడుతున్నాయి. ఒకదాని కొస కొంచెం విరుచుకుందామనుకున్నాడు పాపం, అంతే. కానీ బండి పక్కన ఎత్తుపీట మీద కూర్చున్న మేనకోడలు మికాయెలా అప్పటికే మెడలో ఈల తీసి నోట్లో పెట్టుకుంది.

"ఉప్పు సరిపోయిందో లేదో చూద్దామని..."

"ఉప్పు సంగతి కొనుక్కున్నవాళ్లు చెప్తారు. నువ్వు నీ గుమ్మడికాయ తిను."

బండి చుట్టూ ఉన్నవాళ్లు గొల్లుమన్నారు.

మాంటెవీడియోలో, సెర్రో కొండ కింద, రేవు గాలి కొట్టే ఆ మూల మీద విల్మార్ ఏళ్ల తరబడి సాసేజ్‌లు కాల్చి రొట్టెలో పెట్టి అమ్ముతున్నాడు. అమ్మినన్నీ తిన్నాడని కూడా చెప్పుకుంటారు. ఆ తిండంతా ముందు పొట్టలోకి, తర్వాత కాలేయంలోకి చేరింది. వేసవి మొదట్లో పిల్లల ఆస్పత్రిలో డాక్టర్ లరాల్దె స్కాన్ తీసి, తెర మీద చూపించి, "ఇది కాలేయం కాదు విల్మార్, వెన్నముద్ద" అంది.

అంత మనిషి పిల్లల ఆస్పత్రికి ఎందుకు వెళ్లాడన్నది బండి దగ్గర పెద్ద చర్చ.

"ఏరా, నీకింకా పాలపళ్లు ఊడలేదా?" అన్నాడు ఒలెగారియో. రేవులో పనిచేసి మానేసిన ముసలాయన. పొద్దస్తమానం మాతే ఆకుల టీ తాగుతూ బండి దగ్గరే ఉంటాడు.

"పరిశోధన బాబాయ్. ఆవిడ పిల్లల కాలేయాల మీద పరిశోధన చేస్తోంది. అందులోకి ఒక పెద్దవాడు కూడా కావాలంది. నన్ను తీసుకుంది."

"కాలేయాలు దొరకనట్టు నీదే దొరికిందా!"

ఆ డాక్టరమ్మకు మొహమాటం లేదు. "చలికాలం వచ్చేలోగా ఈ కొవ్వు దిగాలి. దిగకపోతే మీ పేరు కొట్టేస్తాను. నేను చెప్తే మీరు వినరు, నాకు తెలుసు. ఇంట్లో ఎవరి మాట వింటారు?" అని అడిగింది. విల్మార్ తల గోక్కుంటుంటే పక్క కుర్చీలోంచి "నా మాట" అంది మికాయెలా. ఆ ఈల డాక్టర్ ఇచ్చిందే.

పిల్ల, తల్లి గ్రిసెల్డా, అప్పుడే టాక్వరెంబో ఊరి నుంచి వచ్చి విల్మార్ ఇంట్లో దిగారు. అన్నకు పథ్యం వండిపెట్టడానికి చెల్లెలు వచ్చిందని వీధంతా అనుకుంది.

"దీన్ని బడికి పంపవా అమ్మా?" అని ఎవరో అడిగితే, "ఈ ఏడాది దీనికి ఇదే ఉద్యోగం" అని నవ్వేసింది గ్రిసెల్డా.

ఉద్యోగం గట్టిగానే చేసింది. రోజూ పొద్దున్నే సముద్రం పక్క రోడ్డు మీద విల్మార్ చెమటలు కక్కుతూ సైకిల్ తోసేవాడు. మికాయెలా వెనక సీటు మీద దొరసానిలా కూర్చుని, ఒక చేత్తో రెండో చెయ్యి గోక్కుంటూ, వేగం తగ్గితే ఈల ఊదేది. చేపలు పట్టేవాళ్లు గేలాలు వదిలేసి చూసేవారు.

"ఎద్దుని మార్చవే పిల్లా!" అని అరిచేవారు.

"ఇదే మెరుగవుతుందిలే!" అని తనూ అరిచేది.

ఒక ఆదివారం పేట జట్టు ఫుట్‌బాల్‌లో గెలిచింది. వీధిలో డప్పులు, కేకలు, వైను. ఆ సందట్లో విల్మార్ రొట్టెలో రెండు సాసేజ్‌లు కుక్కుకుని గోడ చాటుకు జారుకున్నాడు. రెండో ముద్ద నోట్లో పెట్టుకునేసరికి ఎదురుగా మికాయెలా.

ఈల ఊదుతుందని చెవులు మూసుకున్నాడు. ఊదలేదు.

"ఇవాళొక్కరోజే తల్లీ..."

"నాకు భయమేస్తోంది మామయ్యా."

నోట్లో ఉన్నది విల్మార్ అక్కడే ఉమ్మేశాడు. మిగిలింది కుక్క ముందు పడేశాడు. తర్వాత గోడకు చేరగిలబడి, అంత మనిషీ రెండు చేతుల్లో మొహం దాచుకున్నాడు. పిల్లే వచ్చి వీపు మీద చెయ్యి వేసింది.

ఆ రోజు నుంచి ఈలతో పని పడలేదు. విల్మార్ లాగులు జారిపోవడం మొదలుపెట్టాయి. ఒకసారి గిరాకీ ముందే జారితే, మేరీమాత మీద ఒట్టేసి ఇది ఆరోగ్యమేనని చెప్పుకోవాల్సి వచ్చింది.

చలిగాలులు మొదలయ్యాక మళ్లీ స్కాన్. డాక్టర్ తెర వంక చాలాసేపు చూసింది.

"ఎవరిది ఈ కాలేయం?"

"నాదే డాక్టర్."

"అబద్ధం. మీది నాకు తెలుసు, వెన్నముద్ద." అంటూనే నవ్వేసింది. గ్రిసెల్డా లేచి ఆవిడ చేతులు పట్టుకుని వదల్లేదు. "మంగళవారం వచ్చేయండి" అంది డాక్టర్.

సోమవారం మధ్యాహ్నం విల్మార్ పొయ్యి ఆర్పి, బండికి టార్పాలిన్ కప్పుతున్నాడు. కొన్నాళ్లు సెలవన్నాడు గానీ ఎందుకో చెప్పలేదు. ఒలెగారియో ఊరుకుంటాడా? వైను సీసా, పక్క వీధి బండి నుంచి వేడివేడి సాసేజ్ రొట్టె పట్టుకొచ్చాడు.

"పరీక్ష పాసయ్యావటగా, ఇక తిను!"

మికాయెలా వచ్చి ఇద్దరి మధ్యా నిలబడింది. ముసలాయనకు ఒళ్లు మండింది.

"అయిపోయిందిగా పరిశోధన! వాడి కాలేయం వాడిష్టం. మధ్యలో నీ సొమ్మేం పోతుందే?"

విల్మార్ టార్పాలిన్ తాడు బిగిస్తూ అటు తిరిగిపోయాడు. బండి పక్కన సామాన్లు సర్దుతున్న గ్రిసెల్డా తల వంచుకుంది. మికాయెలా మాత్రం, ఇంత పెద్దాయనకు ఈ పాటి తెలియదా అన్నట్టు చూసింది.

"రేపు ఆ కాలేయంలో ముక్క కోసి నాకు పెడతారు తాతా."