వెనక సీటు

"నాన్నా, ఎక్కు," అంటూ సమాధి ముందు ఆపిన కారు వెనక తలుపు తెరిచాడు కోహెయ్. ఓబోన్ పితృపండగ సెలవులు. చనిపోయినవాళ్ల ఆత్మలను సమాధి నుంచి ఇంటికి తీసుకెళ్లాలి.

టోక్యో నుంచి అతనే నడిపాడు. ఇక్కణ్ణుంచి అక్క చిజురు నడపాలని పట్టుబట్టాడు. చిజురు స్టీరింగ్ పట్టుకుంది, కారు మాత్రం కదపలేదు.

"కిందటేడు యాక్సిడెంట్లో నా పక్కన కూర్చునే కదరా పోయాడు! మళ్లీ నన్ను నమ్మి ఎక్కుతాడా?"

"బెల్టు పెట్టుకోమంటే, నన్ను కట్టేస్తావా అని అరిచింది ఆయనే కదే! కారు పోనీ."

కారు వరిపొలాల దారిలోకి మలుపు తిరగగానే అలారం మోగింది. వెనక సీటు బెల్టు గుర్తు ఎర్రగా వెలిగింది. వెనక ఎవరూ లేరు, సంచీ కూడా లేదు.

చిజురు బ్రేకు వేసింది.

"నువ్వు పెట్టుకునేదాకా కారు కదలదు నాన్నా!" ఆ రోజు అనలేకపోయిన మాట అది.

వెనక టక్కుమంది. అలారం ఆగింది.