వెనక సీటు

“కారు వెనక తగిలించే డబ్బానా? లోపల చోటు చాలట్లేదా?” షాపులో వసంతలక్ష్మి కోడల్ని నిలదీసింది.

“చాలట్లేదు అత్తయ్యా.” అలేఖ్య ఓ డబ్బా మూత ఎత్తి చూస్తోంది.

“మీ అమ్మావాళ్లు గానీ వస్తున్నారా?”

“లేదు, మనమే.”

మనమంటే ఎవరో! పోయినసారి ట్రిప్‌కి సామాను కోసం మూడో వరసలోని వెనక సీటు మడిచేశారు. అది చూసి తను మోకాళ్ల నొప్పులని ఇంట్లో ఉండిపోయింది. ఒక్కరైనా రెండోసారి రమ్మనలేదు. ఇప్పుడు ఇంకా ఎక్కువ సామాను కాబోలు!

అలేఖ్య మూత దించింది. “సామానంతా దీన్లో పెట్టేస్తే, వెనక సీటు ఫోల్డ్ చెయ్యక్కర్లేదు. అది మీకు.”

“నాకు నొప్పులని చెప్పాగా?”

“చెప్పారు. పులిహోర మాత్రం ఐదు పొట్లాలు కట్టారు. మేం వెళ్లింది నలుగురమే కదత్తయ్యా. దార్లో విప్పాకగానీ నాకు అర్థం కాలేదు.”

వసంతలక్ష్మి డబ్బా మూత మీద అరచెయ్యి వేసి నొక్కి చూసింది.

“ఇది చిన్నది. ఆ పక్కది అడుగు.”

పక్కనే ఉన్న కొడుకు శ్రీహర్ష నవ్వాడు. “మరి మోకాళ్ల నొప్పులో అమ్మా?”

“ఎవరికిరా?”