పదకొండో అంతస్తు నుంచి

"కుర్చీ తెమ్మంటారా?" అని వాచ్‌మన్ అడిగాడు.

"నోర్ముయ్" అన్నాడు దర్జీ. "మాస్టారు పడుకునే దిగుతారు."

నలుగురు నిలబడితే ఆ లిఫ్టు నిండిపోతుంది. పై అంతస్తుల్లో ఎవరు పోయినా కుర్చీకి కట్టి దించాల్సిందే. నిరుడు దర్జీ తల్లిని అలాగే దించారు. ఐదో అంతస్తులో లిఫ్టు ఆగింది. తలుపు తెరుచుకుంది. బడికి బయల్దేరిన పిల్లలు ఆమె వేలాడుతున్న తలను చూసి కెవ్వుమన్నారు. అప్పుడు మాస్టారే ఆ తలను రెండు చేతుల్లోకి తీసుకుని కింది దాకా పట్టుకున్నారు. కన్నకొడుకు కంటే ఎక్కువ ఏడ్చిందీ ఆయనే.

ఒకప్పుడు ఈ బిల్డింగువాళ్లంతా ఒకే సందులో ఉండేవాళ్లు. సందు పడగొట్టే ముందు ఒకమ్మాయి కాగితాలు పట్టుకుని ఇంటింటికీ వచ్చింది. "మీరెలా బతుకుతున్నారో చెప్పండి, దానికి తగ్గట్టే కడతాం" అంది. సాయంత్రాలు కూర్చోవడానికి అరుగులు కావాలన్నారు ఆడవాళ్లు. దర్జీ తల్లి ఒక్కటే అడిగింది.

"పోయాక నన్ను పడుకోబెట్టే పంపాలమ్మా. మూటలా నిలబెట్టొద్దు."

ఆ అమ్మాయి రాసుకుంది. గోడకు అంటించిన ప్లానులో పొడుగాటి లిఫ్టుంది, వెడల్పాటి వరండా ఉంది. తీరా కట్టేసరికి ఆ చోట అంతస్తుకు రెండేసి ఇళ్లు మొలిచాయి.

మాస్టారు ఆ సందు మనిషి కాదు. రెండేళ్ల కిందట పదకొండో అంతస్తు చివరి గదిలో అద్దెకు దిగారు. ఒంటరి. కళ్లజోడు, నెమ్మది మాట చూసి అందరూ మాస్టారన్నారు, ఆయనా కాదనలేదు. లిఫ్టు పాడైన రోజుల్లో ముసలివాళ్ల సంచులు మోసేవారు. దర్జీ తల్లి పోయాక అసలు లిఫ్టే ఎక్కడం మానేశారు. డెబ్బై ఏళ్ల గుండె ఎన్నాళ్లు ఓర్చుకుంటుంది?

దర్జీ తన కటింగు బల్ల పైచెక్క ఊడదీశాడు. మాస్టారిని దాని మీద పడుకోబెట్టి, దుప్పటి కప్పి, నాడాలతో కట్టారు. ముందు ఇద్దరు, వెనక ఇద్దరు. మెట్లు మరీ ఇరుకు. ప్రతి మలుపులోనూ చెక్కను ఏటవాలుగా ఎత్తి తిప్పాలి. ఏడో అంతస్తుకే దర్జీ మోచేయి గోడకు గీరుకుని రక్తం వచ్చింది.

"ఈ మెట్లు గీసినవాడికి మనుషులు చస్తారని తెలీదా?" అన్నాడు వెనక నుంచి ప్లంబరు.

"ఏ బంగళాలో కాళ్లు చాపుకుని పడుకున్నాడో! ఒక్కసారి నా చేతికి దొరకాలి అన్నా, అప్పుడు చెప్తా" అన్నాడు దర్జీ, చెక్కను భుజం మీదికి సర్దుకుంటూ.

మూడో అంతస్తులో చెక్క జారబోయింది. నలుగురూ గోడకు ఆనుకుని ఊపిరి పీల్చుకున్నారు. దర్జీకి ఏడుపు ఆగలేదు.

"ఊరుకోరా. మీ అమ్మకు చెయ్యలేనిది ఈయనకు చేస్తున్నావు" అన్నాడు ప్లంబరు.

"అమ్మకైతే చెయ్యలేదుగా" అన్నాడు దర్జీ.

కింద బండి పక్కన తెలియని పెద్దమనిషి ఒకాయన పూలదండతో నిలబడి ఉన్నాడు. మాస్టారి ఫోనులో నంబరు చూసి వాచ్‌మనే కబురు చేశాడట.

"ఆయన దగ్గర పాతికేళ్లు పనిచేశానండీ" అన్నాడాయన, కళ్లు తుడుచుకుంటూ.

"ఏ బళ్లో?" అని దర్జీ అడిగాడు.

"బడేమిటి బాబూ, ఈ బిల్డింగు గీసింది మా సారే."