ఆదివారం ఫోను

లండన్ రేడియోలో రాబోయే నాటకానికి ఒక్కటే పాత్ర: ఫోనులో కూతురితో మాట్లాడే తల్లి. కూతురి గొంతు వినిపించదు. రంగస్థలం నుంచీ, సినిమాల నుంచీ పిలుపులు ఎప్పుడో ఆగిపోయిన హెస్టర్‌కి ఇది కూడా దక్కకపోతే ఇక నటన లేనట్టే.

పాత్ర కోసం గొంతు పరీక్షకి ఆమెకు ముందు వచ్చిన ముగ్గురూ అవతలి మాటకు వ్యవధి ఇవ్వకుండా చదువుకుపోయారు. హెస్టర్ స్టూడియోలో పెట్టిన, ఎక్కడికీ కలపని ఫోను రిసీవరును చెవికి ఆనించి విన్నది. నవ్వింది. "తిన్నానే తల్లీ. నువ్వు ముందు ఆ దగ్గుకి మందేసుకో," అంది.

ప్రొడ్యూసర్ డెస్మండ్ అద్దాల గదిలోంచి పరుగున వచ్చాడు. "అమ్మో మేడమ్! మీ అమ్మాయి ఏమందో నాక్కూడా వినపడిందండీ! పాత్ర మీదే. రోజూ మాట్లాడుకుంటారా ఏంటి?"

"ఆదివారాలేనయ్యా. దానికి తీరికుండొద్దూ!"

ఆదివారం సాయంత్రం అద్దె ఇంటి నడవాలో హెస్టర్ ఫోను తీసింది. మెట్లు దిగుతున్న పక్కగది అతన్ని ఇంటావిడ కసిరింది. "మెల్లిగా దిగవయ్యా! ఆవిడ కూతురితో మాట్లాడుతోంది."

రిసీవరులో, ఫోను చేసినవాళ్లందరికీ టైము చెప్పే రికార్డు గొంతు పలికింది: "మూడో బీప్ మోగేసరికి టైము సరిగ్గా అయిదు గంటలవుతుంది."

"ఊఁ... ఇంకా చెప్పు తల్లీ," అంది హెస్టర్.