ఐడెల్లా పేరున

నా భార్య ఐడెల్లా బతికున్నన్నాళ్లూ మా మార్మన్ క్రైస్తవ శాఖ పెద్దలు ఆమెకు దేవాలయం తలుపు తీయలేదు. ఆమె నల్లజాతి మనిషి, నేను తెల్లవాణ్ణి. దేవాలయంలో ముడి పడని పెళ్లి చావుతో తెగిపోతుందని మా విశ్వాసం.

ఆమె పోయిన రెండు నెలలకు నల్లవాళ్లకూ తలుపు తీయమని దేవుడు చెప్పాడని పెద్దలు ప్రకటించారు. ఏడాది గడిచాక బిషప్ లామార్ ఒక కాగితం పట్టుకుని మా పశువుల కొట్టంలోకి వచ్చాడు.

"సంతకం పెట్టు, బ్రదర్ ఆర్వెల్. గురువారం దేవాలయానికి పోదాం. ఇక ఐడెల్లా ఎప్పటికీ నీ భార్యే."

"చచ్చిపోయింది కదయ్యా. ముడి వేసేటప్పుడు నా ఎదురుగా మోకరించేదెవరు?"

"ఆమె పేరున మా నియోలా మోకరిస్తుంది. తనే అడిగింది."

నియోలా ఆయన భార్య. ఆదివారాలు పెళ్లీడు పిల్లలకు పాఠం చెప్పేది ఆవిడే.

"మొన్న ఏం పాఠం చెప్పిందట?"

బిషప్ టోపీ తీసి చేతిలో తిప్పాడు. "పెళ్లి పాఠం. ఎవరి జాతిలో వాళ్లు చేసుకుంటే మేలని. తలుపైతే తీశారు గానీ, ఆ సలహా అలాగే ఉంది మరి."

"అయితే గురువారం ఐడెల్లా పేరున మోకరించి, ఆదివారం మాలాంటి పెళ్లి వద్దని పిల్లలకు చెబుతుంది."

"రెండూ కలిపి చూడకు, బ్రదర్."

ఆ కాగితం కోసం ఐడెల్లా పదమూడేళ్లు ఎదురుచూసింది. నేను దాన్ని మడిచి ఆయన జేబులోనే పెట్టాను.

పరలోకంలో ఆమె నాకు దక్కకపోవచ్చు. అయినా ఆ ముడి సంగతి ఇక ఎవరి దగ్గరా ఎత్తను.