మూడో పైలు

"సూది కదల్లేదు," అంది సుజానా, గేజి మీద నుంచి తల ఎత్తకుండానే.

గెడ్డ ఒడ్డున చేరిన గూడెం జనం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నిన్న పొద్దుటి నుంచి వంతెన పైలు మీద మూడొందల టన్నుల ఇసుక బస్తాలు ఉన్నాయి. అది వెంట్రుకవాసి కుంగినా సూది చెప్పేస్తుంది. అందరి కళ్లూ దాని మీదే. చూడనివాడు మేస్త్రీ దైవాధీనం ఒక్కడే. చేతులు వెనక్కి కట్టుకుని నీళ్ల వైపు తిరిగి నిలబడ్డాడు.

వంతెన మధ్య స్తంభాన్ని మోయడానికి నాలుగు కాంక్రీటు పైళ్లు భూమిలోకి దింపారు. మిగతా వాటికి పదహారు మీటర్ల లోతున రాయి తగిలితే, మూడో నంబరుకి తొమ్మిదికే తగిలినట్టు పుస్తకంలో ఉంది. పట్నం నుంచి వచ్చిన ఇంజనీరు సుజానాకి అక్కడే అనుమానం. పరీక్షకి ఆ నంబరే ఎంచుకుంది. పైళ్ల మీద వానకి చెరిగిన నంబర్లు తను వచ్చేసరికే తెల్లరంగుతో దిద్ది ఉన్నాయని మేస్త్రీని మెచ్చుకుంది కూడా.

"రాతి మీద నిలబెడితే చాలదండీ," అంది అప్పుడే. "పన్ను దవడలో దిగినట్టు రాతిలోకి దిగాలి. చుట్టూ రాయి బిగించి పట్టుకుంటేనే బరువు కొండకి చేరుతుంది."

దైవాధీనానికి తెలియనిది కాదు. ఇరవై ఏళ్లుగా అదే పని. ఇల్లు బండ మీద కట్టుకోవాలని ఆదివారం బడిలో పిల్లలకి చెప్పేదీ అతనే.

వేసవిలో మూడో పైలుకి గొయ్యి తవ్వుతున్నప్పుడు, అవతలి గూడెం సవరమ్మ కాఫీ తోటకి పోతూ ఆగింది. రాయి తగిలిందని కూలీలు సంబరపడుతుంటే తల అడ్డంగా ఊపింది.

"అది కొండరాయి కాదు బాబూ. మా తాతల నాడు ఆ కొండ ఇరిగి గెడ్డ పూడిపోనాది. అప్పుడు దొర్లిన బండది. దాని కింద మట్టే."

"మిషను కన్నా నీకెక్కువ తెలుసేటి, అవ్వా?" అన్నాడు దైవాధీనం.

కూలీలంతా నవ్వారు. ఆమె కూడా నవ్వేసి వెళ్లిపోయింది.

మర్నాడు కూలీలు అన్నాలకి పోయిన వేళ తవ్వే మిషను దైవాధీనం తనే నడుపుతున్నాడు. బండలోకి రెండు మీటర్లు దిగాక బకెట్టులో ఎర్రమట్టి వచ్చింది. నిన్న అవ్వని వెక్కిరించిన నోటితో ఈ మాట ఎలా చెప్పడం? బకెట్టు గెడ్డలో కడిగేశాడు. సాయంత్రానికి కాంక్రీటు పోయించేశాడు.

ఆనాటి నుంచి ప్రార్థనలో మోకాళ్లు వంగుతున్నాయి గాని మాట రావడం లేదు. దేవుడికి తెలిసిన సంగతి దేవుడికే చెప్పడానికి సిగ్గెందుకో అతనికి అర్థం కాలేదు.

"ఇరవై నాలుగు గంటలు నిండాయి. పాసయినట్టే," అని సుజానా సంతకానికి పెన్ను తీసింది.

జనంలోంచి సవరమ్మ వచ్చింది. మనవరాలి చెయ్యి వదిలి, దైవాధీనం చేతులు రెండూ పట్టుకుంది.

"నానే తప్పు సెప్పినాను బాబూ. అంతమందిలో నీ పనికి అడ్డం మాటాడినాను. మనసులో ఎట్టుకోకు."

అతని చూపు ఆమె పక్కనున్న మనవరాలి మీద పడింది.

"వానలకి గెడ్డ పొంగితే మా గుంటకి బడి నేదు. వంతెన అవ్వగానే దీన్ని నానే నడిపించుకుపోతాను. నువ్వు కట్టినావు కదా, బెంగ నేదు."

ఆమె చూపు అతని వేళ్ల మీద ఆగింది. గోళ్ల సందుల్లో తెల్లగా ఏదో అంటుకుని ఉంది. "ఏటిది, సున్నమా?" అంటూ చీర కొంగుతో తుడవబోయింది.

దైవాధీనం చేతులు లాక్కున్నాడు. సుజానా వైపు తిరిగాడు.

"మేడం, ఇది మూడో పైలు కాదు."